కోచ్‌కి కాదని చెప్పేదెవరు?

మా అమ్మాయి జార్జియా యూనివర్సిటీలో చేరిన ఏడాది అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే పులిహోర, గోంగూర పచ్చడి సర్దుకుని ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు ఏథెన్స్‌కి బయల్దేరాం. ఆ రోజు యూనివర్సిటీ జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు) ఉందని మాకు తెలీదు. గంటన్నరలో చేరాల్సిన దారి మూడు గంటలు పట్టింది. ఊళ్ళోకి వెళ్ళాక ఒక చర్చి వెనక గడ్డి నేలలో కారు పెట్టుకోడానికి 40 డాలర్లు అడిగారు. ఎటు చూసినా ఎర్ర చొక్కాలు, గుడారాలు, పొయ్యిల పొగ. ఎనభై ఏళ్ళ ముసలావిడ కూడా బుగ్గ మీద ‘జి’ అని రాయించుకుని కుర్చీలో కూచుంది. "ఇక్కడేమన్నా తిరనాళ్ళా?" అంది మా ఆవిడ. పులిహోర డబ్బా హాస్టల్ గేటు దగ్గర చేతికిచ్చి వెనక్కి తిరిగాం. అమ్మాయికి మాతో మాట్లాడే తీరిక లేదు, తనూ ఎర్ర చొక్కాలోనే ఉంది.

మర్నాడు మా ఎదురింటి పెద్దాయనకి ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన డెబ్భైల్లో అక్కడ చదువుకున్నవాడు. ఇంట్లోకి వెళ్ళి ఆ ఏడాది మ్యాచ్‌ల తేదీలున్న ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పంచాంగం ఇచ్చినట్టే అనుకోండి. విన్స్ డూలీ అనే పేరు మొదట విన్నది ఆయన నోటనే.

ఇప్పుడు మన అట్లాంటా తెలుగు ఇళ్ళలో చాలామంది పిల్లలు ఏథెన్స్‌లోనే చదువుతున్నారు. రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ పుణ్యమా అని ఇంకా చాలామంది వెళ్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ‘గో డాగ్స్’ (జట్టు పేరు బుల్‌డాగ్స్ లెండి) అని పెట్టే అంకుల్స్ కూడా తయారయ్యారు. వాళ్ళకి ఇప్పటి కోచ్ కర్బీ స్మార్ట్ తెలుసు. స్టేడియంలో గడ్డి మీద రాసున్న డూలీ ఎవరని అడిగితే మాత్రం "పాత కోచ్ అనుకుంటా" అంటారు. పాత కోచే. కానీ ఆయన 25 ఏళ్ళు కోచ్‌గా, మరో 25 ఏళ్ళు అథ్లెటిక్ డైరెక్టర్‌గా పనిచేశాడు, అందులో తొమ్మిదేళ్ళు రెండూ ఆయనే. నేను రాయాలనుకున్నది ఆ తొమ్మిదేళ్ళ గురించి.

మనకి కోచింగ్ అంటే ఎంసెట్ కోచింగే కదా. నా చిన్నప్పుడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఉండేవారు. లెక్కల మాస్టారికి సిలబస్ అవ్వకపోతే ఆటల పీరియడ్ ఆయనకి ఇచ్చేసి చెట్టు కింద పేపరు చదువుకునేవారు. ఆటల మాస్టారు ఒకరు ఊళ్ళో అందరికంటే ఎక్కువ జీతం తీసుకుంటారని, గవర్నరు కూడా ఆయన పక్కన నిలబడి ఫొటో దిగడానికి తహతహలాడతాడని ఎవరైనా చెబితే మేం నమ్మేవాళ్ళం కాదు. అమెరికా వచ్చిన ఇన్నేళ్ళకి కూడా నాకు పూర్తిగా మింగుడు పడని సంగతి ఇది.

డూలీ పుట్టింది 1932లో, అలబామాలోని మొబీల్‌లో. ఆబర్న్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా ఆడాడు, సైన్యంలో మెరైన్స్ దళంలో పనిచేశాడు, తిరిగొచ్చి ఆబర్న్‌లోనే చరిత్రలో ఎం.ఏ. చేశాడు. ఈ ఎం.ఏ. సంగతి గుర్తుంచుకోండి. 1963 డిసెంబరులో జార్జియా వాళ్ళు ఆయన్ని హెడ్ కోచ్‌గా తీసుకున్నప్పుడు వయసు 31. అప్పటిదాకా ఆబర్న్‌లో ఫస్టియర్ పిల్లల జట్టుకి కోచ్, అంతే. పేరూ ఊరూ లేని ఈ కుర్రాడేంటని అభిమానులు గొణిగారు. 1964లో మొదటి మ్యాచ్‌లో అలబామా 31-3తో ఉతికేసింది. మరుసటేడు అదే అలబామా ఏథెన్స్ వచ్చింది. మ్యాచ్ చివర్లో జార్జియా క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరాడు, అందుకున్నవాడు అది చేతిలో పడీ పడకముందే పక్కవాడికి అందించాడు, ఆ పక్కవాడు 73 గజాలు పరుగెత్తాడు. తర్వాత ఒక్క పాయింటుతో సరిపెట్టుకుని డ్రా చేసుకోకుండా, రెండు పాయింట్ల ప్రయత్నం చేసి 18-17తో గెలిచారు. ఆ ఏడు అలబామా ఏపీ వార్తాసంస్థ ఓటింగులో దేశ విజేత అయింది, అంటే ఆ జట్టునే ఓడించారన్నమాట. మా ఎదురింటాయన అప్పటికి చిన్నపిల్లాడు. రేడియోలో విన్నానంటాడు. బంతి చేతులు మారిన తీరు చూపించడానికి నా చేతిలో ఉన్న కాఫీ కప్పు లాక్కున్నంత పనిచేశాడు.

మిగతా లెక్క ఒక్క ముక్కలో చెప్పేస్తాను: 201 గెలుపులు, 77 ఓటములు, 10 డ్రాలు, దక్షిణాది కాలేజీల లీగు అయిన సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఆరు టైటిళ్ళు. 1980లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 12 గెలిచి దేశ విజేతలయ్యారు. రైట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఫస్టియర్ కుర్రాడు హర్షల్ వాకర్ ఆ ఏడాది హీరో. నోట్రడామ్ యూనివర్సిటీతో ఆఖరి మ్యాచ్‌లో భుజం పక్కకి జరిగినా సరిచేయించుకుని మళ్ళీ దిగి 150 గజాలు పరుగెత్తాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ యూనివర్సిటీలో మొదటి నల్లజాతి విద్యార్థులిద్దరు అడుగు పెట్టింది 1961లో. ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద మొదటి ఐదుగురు నల్లజాతి ఆటగాళ్ళు వచ్చింది 1971లో. డూలీ వచ్చిన ఏడేళ్ళకి. దక్షిణాదిలో చాలా కాలేజీల కథ ఇదే అంటారు, నిజమే. ఆలస్యం మాత్రం ఆలస్యమే. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ జట్టుకి కిరీటం పెట్టింది వాకర్ అని గుర్తుచేసుకుంటే ఆ ఆలస్యం ఇంకా వెలితిగా కనబడుతుంది.

ఇక 1979కి వస్తాను. అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ జోయల్ ఈవ్స్, అంటే డూలీని ఏరికోరి తెచ్చినాయన, రిటైరయ్యాడు. ఆ కుర్చీ కూడా డూలీకే వచ్చింది. అథ్లెటిక్ డైరెక్టర్ అంటే ఏదో గౌరవ పదవి కాదు. అన్ని ఆటల బడ్జెట్టు, కోచ్‌ల నియామకాలు, టికెట్లు, దాతలు, నియమాలు, అన్నీ ఆ మనిషి చేతి మీదుగా పోతాయి. కోచ్‌కి పైఅధికారి ఆయనే. ఇప్పుడు కోచ్ డూలీకి పైఅధికారి డైరెక్టర్ డూలీ. అప్పట్లో ఇది వింతేం కాదు. అలబామాలో బేర్ బ్రయంట్, టెక్సస్‌లో డారెల్ రాయల్ కూడా ఇలాగే రెండు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. దొంగా పోలీసూ అనే మాట వాడను గానీ, పరీక్ష రాసేవాడూ దిద్దేవాడూ ఒకడైతే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా.

ఎలా ఉంటుందో ఏథెన్స్‌లో జాన్ కెంప్ అనే ఇంగ్లీషు టీచరమ్మకి తెలిసింది. చదువులో వెనకబడ్డ విద్యార్థులకి రెగ్యులర్ క్లాసుల్లోకి వెళ్ళే ముందు ఇంగ్లీషు నేర్పే విభాగంలో ఆవిడ పనిచేసేది. 1981 చివర్లో తొమ్మిది మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఆ కోర్సు ఫెయిలయ్యారు. ఫెయిలైతే ఆడటానికి వీల్లేదు. కొత్త సంవత్సరం రోజున షుగర్ బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్ ఉంది, పిట్స్‌బర్గ్‌తో. పైవాళ్ళు ఆ తొమ్మిది మందినీ ఆ విభాగం నుంచి దాటించేశారు. వాళ్ళు ఆడారు. జార్జియా ఎలాగూ 24-20తో ఓడింది. కెంప్ ఊరుకోలేదు. ముందు ఆవిడ పదవి తగ్గించారు, 1983లో ఉద్యోగమే తీసేశారు. ఆవిడ కోర్టుకి వెళ్ళింది.

1986లో అట్లాంటా ఫెడరల్ కోర్టులో ఆ విచారణ జరుగుతుంటే దేశమంతా చూసింది. యూనివర్సిటీ తరపు లాయరే నిలబడి, ఈ ఆటగాణ్ణి మనం యూనివర్సిటీ విద్యార్థిని చేయలేకపోవచ్చు, కానీ చదవడం రాయడం నేర్పితే ఆటలయ్యాక చెత్త ఎత్తే పని బదులు పోస్టాఫీసులో పనికైనా కుదురుకుంటాడు కదా అన్న అర్థంలో వాదించాడు. ఆ పిల్లల తల్లులు ఆ మాట పేపర్లో చదివి ఏమనుకుని ఉంటారో అనుకుంటాను నేను. జ్యూరీ కెంప్‌కి 25 లక్షల డాలర్లకి పైగా ఇవ్వమంది, తర్వాత అది సుమారు 10.8 లక్షలకి తగ్గింది. ఉద్యోగం కూడా తిరిగిచ్చారు. యూనివర్సిటీ ప్రెసిడెంటు ఫ్రెడ్ డేవిసన్ రాజీనామా చేశాడు.

ఆ కేసులో ముద్దాయిలు చదువుల వైపు అధికారులిద్దరు. డూలీ కాదు. ఆయన ఎవరికైనా ఫోన్ చేశాడా లేదా అన్నది నా ప్రశ్నే కాదు. ఎవరూ ఫోన్ చేయక్కర్లేని పరిస్థితి ఏర్పడిందని నా బాధ. దేశ విజేత అయి ఏడాది తిరగలేదు, ఊళ్ళో దేవుడి తర్వాత ఆయనే, పైగా ఆటల వైపు ఏది సబబో కాదో చూడాల్సిన కుర్చీ కూడా ఆయనదే. అలాంటప్పుడు ఏ అధికారి అయినా ‘కోచ్ గారికి ఏం కావాలో’ ముందే ఊహించుకుని చేసేస్తాడు. మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మంచి మనిషి రెండు కుర్చీల్లో కూర్చుంటే కొంప మునగదని చాలామంది వాదిస్తారు. డూలీ మంచి మనిషే, చరిత్ర చదువుకున్నవాడు, నిమ్మళస్తుడు. అయినా ఆ తొమ్మిది మందికీ ఇంగ్లీషు రాలేదు.

1988 సీజన్ అయ్యాక కోచింగ్ వదిలేశాడు. డైరెక్టర్ కుర్చీలో మాత్రం 2004 దాకా ఉన్నాడు. ఆయన అసలు గొప్పతనం ఈ రెండో సగంలో ఉందని నా అభిప్రాయం. ఎదురింటాయన ఒప్పుకోడు.

ఫుట్‌బాల్ టికెట్ల డబ్బు, టీవీ డబ్బు ఒక కుండలో పడుతుంది. ఆ కుండలోంచే ఈత, జిమ్నాస్టిక్స్, టెన్నిస్, గోల్ఫ్, మహిళల బాస్కెట్‌బాల్ బతుకుతాయి. కుండ దగ్గర గరిటె పట్టుకున్నవాడు తన పాత్రలోనే వేసుకుంటాడా, పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళ దాకా వడ్డిస్తాడా అన్నదే డైరెక్టర్ పని. డూలీ వడ్డించాడు. ఆయన హయాంలో మహిళా జిమ్నాస్టిక్స్ జట్టు ఐదుసార్లు దేశంలో మొదటిది. మహిళల ఈత జట్టు 1999, 2000, 2001 వరసగా మూడేళ్ళు. 1990లో బేస్‌బాల్. మన పిల్లల్ని చూడండి: టెన్నిస్, ఈత, గోల్ఫ్. ఫుట్‌బాల్ జట్టులో తెలుగు పిల్లాడు ఉన్నాడని నేనింతవరకు వినలేదు. పొద్దున ఐదింటికి పిల్లని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళే మన అమ్మలకి కర్బీ స్మార్ట్ కంటే డూలీతోనే చుట్టరికం ఎక్కువ.

ఆ కాలం ముచ్చట ఒకటి నాకు భలే ఇష్టం. శాన్‌ఫోర్డ్ స్టేడియంలో ఆటస్థలం చుట్టూ మొక్కల దడి ఉంటుంది. ప్రివెట్ అనే మొక్క. దూరంనుంచి మన ఊళ్ళలో గోరింట దడిలా కనబడుతుంది. 1929లో స్టేడియం కట్టినప్పుడు వేసింది. అక్కడి జనానికి అది గుడి ప్రాకారం లాంటిది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సాకర్ ఆఖరి మ్యాచ్‌లు అక్కడ పెడతామన్నారు. సాకర్ మైదానం వెడల్పు ఎక్కువ, దడి పీకితే తప్ప పట్టదు. ఊళ్ళో గగ్గోలు. కొన్నేళ్ళ ముందు నుంచే ఆ దడి కొమ్మలు కత్తిరించి, ఎక్కడో చెప్పకుండా రహస్యంగా అంట్లు పెంచారు. ఒలింపిక్స్‌కి పాత దడి తీసేశారు. 76 వేల మంది చూస్తుండగా అమెరికా అమ్మాయిలు చైనాని 2-1తో ఓడించి బంగారం గెలిచారు. ఫుట్‌బాల్ సీజన్ నాటికి పాత దడి బిడ్డలే మళ్ళీ అక్కడ నిలబడ్డాయి. ఆడపిల్లల ఆట కోసం మగపిల్లల గుడి ప్రాకారం తీయించి, మళ్ళీ పెట్టించిన డైరెక్టర్, ఆ మగపిల్లల పాత కోచే.

అన్నీ మెచ్చుకోవడానికే కాదు. 1999లో బాస్కెట్‌బాల్ కోచ్‌గా జిమ్ హారిక్‌ని తెచ్చారు. అంతకు మూడేళ్ళ ముందు కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ ఆయన్ని ఖర్చుల లెక్కలో అబద్ధం చెప్పాడని తీసేసింది. తెలిసే తెచ్చారు. ఆయన కొడుకు అక్కడే అసిస్టెంట్ కోచ్, బాస్కెట్‌బాల్ కోచింగ్ మీద ఒక కోర్సు కూడా చెప్పేవాడు. ఫైనల్ పరీక్షలో ప్రశ్న: త్రీ పాయింటర్ వేస్తే ఎన్ని పాయింట్లు? ఇంకో ప్రశ్న: మ్యాచ్‌లో ఎన్ని అర్ధభాగాలు ఉంటాయి? నేను కల్పించడం లేదు, దేశమంతా పేపర్లలో అచ్చయిన ప్రశ్నాపత్రం అది. మన ఇంటర్ బోర్డు ఎప్పుడూ ఇంత దయ చూపలేదు. 2003 మార్చిలో ఆ కోర్సు గోల్‌మాల్ బయటపడితే, ఆ ఏడు బాగా ఆడుతున్న జట్టుని టోర్నమెంట్లు మొదలవ్వకముందే ప్రెసిడెంటు మైకేల్ ఆడమ్స్, డూలీ కలిసి వెనక్కి లాగేశారు. ఆటగాళ్ళు ఏడ్చారు, వాళ్ళ తప్పేముంది పాపం. కానీ 1981లో ఎవరూ అనలేని ‘వద్దు’ అనే మాట 2003లో అన్నారు. అన్నవాళ్ళలో డూలీ ఒకడు. అప్పటికి ఆయన కోచ్ కాదు కాబట్టే అనగలిగాడని నా నమ్మకం.

మూడు నెలలు తిరక్కుండానే అదే ఆడమ్స్, డూలీ కాంట్రాక్టు 2004 జూన్ తర్వాత పొడిగించనన్నాడు. జనం రగిలిపోయారు, దాతలు అలిగారు. నలభై ఏళ్ళు చేసిన మనిషికి మర్యాదగా చెప్పే పద్ధతి ఇది కాదన్న మాట నిజం. అయినా ఒకటి అడుగుతాను. అంతటి మనిషికి కూడా కాదని చెప్పే అధికారం ఇంకొకరి చేతిలో ఉండటం తప్పెలా అవుతుంది? ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన డేమన్ ఎవన్స్ అక్కడే ఆడినవాడు, సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ మొత్తానికి మొదటి నల్లజాతి అథ్లెటిక్ డైరెక్టర్. ఇది చెప్పినప్పుడల్లా మా ఎదురింటాయన ఆడమ్స్ పేరు ఎత్తొద్దని చెయ్యి ఊపేస్తాడు.

ఇప్పుడు కుండే మారిపోతోంది. దానికి మొదటి చిల్లు పెట్టిందీ జార్జియానే. ఒకప్పుడు ఏ కాలేజీ మ్యాచ్ టీవీలో ఎన్నిసార్లు రావాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది: రెండేళ్ళలో ఆరుసార్లకి మించకూడదు. ఓక్లహోమా, జార్జియా కలిసి కేసు వేశాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2తో వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అప్పట్నుంచి టీవీ డబ్బు వరదలా వచ్చింది, కోచ్‌ల జీతాలు దాంతోపాటే పెరిగాయి. 2024లో రాసుకున్న కాంట్రాక్టు ప్రకారం కర్బీ స్మార్ట్‌కి ఏడాదికి 1.3 కోట్ల డాలర్లు. ఆయనకి పైఅధికారి అయిన అథ్లెటిక్ డైరెక్టర్ జీతం అందులో చిన్న ముక్క. 2025 జూలై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆటగాళ్ళకి డబ్బు అందడం నాకు సంతోషమే, వాళ్ళ మోకాళ్ళ మీదే కదా ఇదంతా కట్టింది. కానీ ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. ఈత కొలను ఖర్చు ఎవరు కోస్తారు, కోయమని కోచ్ అడిగితే ఎవరు వద్దంటారు? కాగితం మీద రెండు కుర్చీలూ వేరువేరే. జీతం చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఎవరు ఎవరికి పైఅధికారో చెప్పడం కష్టం.

మన సంఘాల్లో కూడా అధ్యక్షుడే కన్వెన్షన్ కన్వీనరై, లెక్కలు చూసే కమిటీలో తన బావమరిదిని పెట్టుకునే ఊళ్ళున్నాయని విన్నాను. ఎడిటరు గారు ఈ వాక్యం ఉంచుతారో తీసేస్తారో చూద్దాం.

డూలీ రిటైరయ్యాక రాజకీయాల్లోకి వెళ్ళలేదు, టీవీలో వ్యాఖ్యానాలు చెప్పుకుంటూ కూర్చోలేదు. అంతకుముందే యూనివర్సిటీలో మొక్కల క్లాసుకి వెళ్ళి పిల్లల మధ్య కూర్చుని పాఠాలు వినేవాడు. ఇంటి చుట్టూ పెద్ద తోట పెంచాడు. జార్జియా హిస్టారికల్ సొసైటీ బోర్డుకి అధ్యక్షుడిగా చేశాడు, చూశారా ఆ ఎం.ఏ. ఎక్కడికి పోలేదు. 2019లో మైదానానికి ఆయన పేరు పెట్టారు. 1980 తర్వాత జార్జియా మళ్ళీ దేశ విజేత అయింది 2022 జనవరిలో, అది చూసి అదే ఏడాది అక్టోబరు 28న తన 90 ఏళ్ళ వయసులో పోయాడు. మర్నాడు ఫ్లోరిడాతో మ్యాచ్.

ఆయన పెరట్లోని నీలం పూలు పూసే హైడ్రేంజా అనే మొక్కనొకదాన్ని మైకేల్ డిర్ అనే మొక్కల ప్రొఫెసరు చూసి, దాని అంట్లు కట్టి ‘డూలీ’ అనే పేరుతోనే నర్సరీలకి తెచ్చాడు. వసంతంలో మంచు పడి కొసల మొగ్గలు మాడిపోయినా, పక్క కణుపుల్లోంచి పూస్తుంది. ఎదురింటాయన కిందటేడు నాకొక మొక్క ఇచ్చాడు. చలికాలంలో ఎండుపుల్లల్లా ఉన్నాయని నేను మొదలంటా కత్తిరించాను. ఈ వేసవి ఆకులే తప్ప ఒక్క పువ్వు లేదు. ఆయన కంచె దగ్గర నిలబడి కాసేపు చూశాడు. "కత్తెర నాకిచ్చెయ్" అన్నాడు. ఇచ్చేశాను.